ముక్కులోని ముక్క

చింతామణిలో వేరుశనగ నూనె అమ్మే శ్రీనివాసప్ప భార్య మునివెంకటమ్మ. ఒకరోజు దూడను విడుస్తుంటే ఆవు తల విసిరింది. కొమ్ము తగిలి ఆమె ముక్కు దూలం విరిగింది. వాపు తగ్గాక చూస్తే ముక్కు నడుమ కుంగిపోయి ఉంది. గాలి సరిగా ఆడేది కాదు. 1962 ఎండాకాలంలో భర్త ఆమెను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు ముక్కును తడిమి చూశాడు. "కుంగిన చోట మెత్తని ఎముక ముక్క పెట్టి ఎత్తాలమ్మా. నీ పక్కటెముక కొస నుంచి తీయచ్చు. నీదే కాబట్టి ఒంట్లో బాగా కలిసిపోతుంది. కాకపోతే రొమ్ము కింద ఇంకో కోత, నొప్పి. తర్వాత ముక్క వంకర తిరిగినా తిరగచ్చు. వద్దంటే సీసాలో దాచినవి ఉన్నాయి. రెండో కోత ఉండదు. అయితే అవి మెల్లగా కరిగి, ముక్కు మళ్ళీ కుంగచ్చు."

"సీసాలోది ఎవురిది సార్?"

"చనిపోయినవాళ్ళది."

శ్రీనివాసప్ప ముఖం తిప్పుకున్నాడు. "నాదే తీయండి," అంది ఆమె.

ముక్కు నిలబడింది, ఊపిరి ఆడింది. ఇంటికొచ్చాక పక్కింటి పుట్టమ్మ వచ్చి చూసి, మునివెంకటమ్మ అత్త అక్కయమ్మతో గొంతు తగ్గించి అంది: "ఆ ఆసుపత్రిలో పీనుగుల ఎముకలు పెడతాండారంట."

అక్కయమ్మ లేచి లోపలికి పోయింది. మర్నాటి నుంచి తన నీళ్ళు తానే తోడుకుంది, తన గంజి తానే కాచుకుంది. శ్రీనివాసప్ప మధ్యాహ్నం భోజనానికి రావడం మానేశాడు.

"మీరు ఆడనే ఉంటిరి గదా. అత్తకు చెప్పకూడదా?" అని అడిగింది మునివెంకటమ్మ.

"కోసేటప్పుడు నేను తలుపు బయట ఉంటి. లోపల ఏం పెట్టినారో నాకేం తెలుసు?"

"కోత చూసినారు గదా."

"నమ్మించేదానికి కూడా కోస్తారు."

ఆ మాటతో ఆమెకే అనుమానం పట్టుకుంది. మత్తులో ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది? అద్దం ముందు నిలబడి ముక్కును వేలితో తడిమేది. కొన్నాళ్ళకు అది కొంచెం ఎడమకు ఒరిగింది. చూపించుకోవడానికి వెళ్తుంటే అక్కయమ్మ తానూ వస్తానంది.

"చెక్కి పెట్టిన పక్కటెముక ఒక్కోసారి ఇట్లా వంగుతుంది," అన్నాడు డాక్టరు. "సరిచేయాలంటే మళ్ళీ కోయాలి."

"వద్దు సార్. ఊపిరి ఆడతాంది, చాలు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్కయమ్మ అంది: "చేసినోడు చేసినానని ఒప్పుకుంటాడా?"

ఆ వారమే తలంటు రోజున మునివెంకటమ్మ నీళ్ళగదిలోకి అత్తను పిలిచింది. చీర పక్కకు తీసి, ఆమె చెయ్యి పట్టుకుని కోత మచ్చ మీద పెట్టింది. "ఒత్తి చూడండి."

అక్కయమ్మ ఒత్తింది. రెండో పక్కన అదే చోట ఒత్తింది. మళ్ళీ మచ్చ దగ్గరికొచ్చింది. ఇక్కడ గట్టిగా తగలాల్సింది తగల్లేదు. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"నొప్పి ఉండాదా?"

"చలికి లాగతాది."

ముసలామె చెయ్యి తీసేసింది. ఆ పూట కోడలు వడ్డించిన ముద్ద తింది. ఎముక కోడలిదేనని కొడుక్కి కూడా చెప్పింది. శ్రీనివాసప్ప విని తలూపాడు. మధ్యాహ్నాలు మాత్రం అంగట్లోనే తిన్నాడు. పని ఎక్కువగా ఉందనేవాడు. మునివెంకటమ్మ మళ్ళీ అడగలేదు.