భూమిని వదిలేసిన లెక్క

స్తంభాల మీద సాగిపోయే పెద్ద కరెంటు లైన్ల కెపాసిటెన్స్ లెక్కగట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం. రెండు లోహపు వస్తువుల మధ్య గాలి తప్ప ఏమీ లేకపోయినా, ఒకదానిలోని కరెంటు ప్రభావం రెండోదాన్ని తాకుతూనే ఉంటుంది. ఆ తాకిడి ఎంతో చెప్పే కొలత అది. తీగల లావు, వాటి మధ్య ఎడం తెలిస్తే చాలు, కాగితం మీద తేలిపోతుంది. మరి కింద భూమి ఉంది కదా అంటే, తీగలు అంత ఎత్తున ఉన్నప్పుడు దానివల్ల వచ్చే తేడా బహు స్వల్పం, వదిలేయవచ్చని చదువుకునే రోజుల్లోనే నేర్పారు. వదిలేయడంలో నేను చాలా మంచి విద్యార్థిని.

సెల్‌ఫోన్లు ఇంకా సబ్బుబిళ్లల్లా ఉన్న కాలం. అరబ్బు దేశం పోయి, ఖైతాన్‌లో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటూ, ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒక చలికాలం ఊరవతల వఫ్రా తోటల్లో పాత లైను పక్కనే కొత్తది వేయాలని నన్ను సర్వేకి పంపారు. పాత లైను ఒక తోట మీదుగా పోతుంది. అటూ ఇటూ టమాటా గ్రీన్‌హౌసులు, తీగల కింద మిగిలిన పట్టీలాంటి నేలలో గొర్రెలు. మా జీపు ఆగగానే తోట యజమాని ఎదురొచ్చాడు.

“ముహందిస్, నా గొర్రెల కాపరి కూడా మీ దేశంవాడే. ఈ తీగలు నా నీళ్లబండిలోకి కరెంటు పంపిస్తున్నాయంటాడు. గొర్రెలు తాగడం లేదు, చిక్కిపోయాయి. వీడు సోమరా, అబద్ధాలకోరా? నువ్వు ఇంజనీరువి, నువ్వు చెప్పు.”

నా అరబీ కిరాణాకొట్టు అరబీ. అయినా ‘ముహందిస్’ అంటే ఇంజనీరని తెలుసు కాబట్టి ఛాతీ కాస్త విరుచుకున్నాను.

కాపరి కడప మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. నేను తెలుగువాణ్ణని తెలియగానే అతని ముఖం విప్పారింది. తన మాట నిలబెట్టేవాడు వచ్చాడనుకున్నాడు పాపం.

“సార్, మీరన్నా చెప్పండి సార్ బాబాకు. గొర్రె మూతి పెడితే సాలు, ఎగిరి పడతాంది. కుక్క గొలుసు తెచ్చి బండికి కట్టి, ఇనప కడ్డీతో నేలకు దిగ్గొట్టినా. ఆ పొద్దు అన్నీ తాగినాయి. మళ్లా కుక్కకు గొలుసు ల్యాకపాయనని బాబా ఊడబీకినాడు.”

బాబా అంటే అక్కడి పనివాళ్ల మాటలో యజమాని. “గొలుసు కడితే గొర్రెలకు దాహం వేస్తుందా?” అన్నాను. ఆ చమత్కారం నాకే బాగా నచ్చింది.

అతను నవ్వలేదు. “గొర్రెలు చిక్కిపాయనని ఊరికి పోయే చుట్టీ ఆపినాడు సార్. చిన్నది పుట్టి రెండేండ్లు. ఇంకా మొగం సూడల్యా.”

నీళ్లబండి అంటే నాలుగు రబ్బరు టైర్ల మీద ఇనప ట్యాంకు, పక్కన ఇనప తొట్టి. తీగలు పైన ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. నేను నడిచివెళ్లి ట్యాంకు మీద అరచెయ్యి మొత్తం ఆనించాను. ఏమీ కాలేదు. ఇంకో చెయ్యీ ఆనించాను.

“మాకూ కహరబా!” అన్నాను. కరెంటు లేదు అని. తప్పు లేకుండా నేను పలికిన అరబీ వాక్యం అదొక్కటే.

కాపరి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, “బూట్లిప్పి పట్టుకోండి సార్. నేల తడిగుంది సూడండి, ఆడ నిలబడి.”

నిజం చెప్పాలి. నా సేఫ్టీ బూట్ల అడుగు రెండు వేళ్ల మందాన రబ్బరు. అతను అడిగినదాంట్లో తర్కం ఉందని నాకు అప్పుడే లీలగా తట్టింది. కానీ కుడి మేజోడుకు చిల్లు. బొటనవేలు పూర్తిగా బయటికొచ్చి లోకాన్ని చూస్తుంటుంది. యజమాని ముందు, డ్రైవరు ముందు, ముహందిస్ బొటనవేలు! “అవసరం లేదు” అన్నాను.

“ఖలాస్” అన్నాడు యజమాని, కాపరి వైపు చూడకుండానే. “ఈ ఏడు చుట్టీ లేదు.”

నేను జీపెక్కాను.

నెల తిరగలేదు. మా పెద్ద ఇంజనీరు, ఈజిప్టు ఆయన, కొత్త లైను లెక్క భూమిని కూడా కలిపి చేయమన్నాడు. పద్ధతి సులువే. భూమి ఒక అద్దం అనుకోవాలి. తీగలు నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో, నేలలో అంత లోతున వాటి నీడ తీగలున్నాయని ఊహించి లెక్క కట్టాలి. కట్టాను. చదువుకున్నట్టే, తేడా ఎక్కడో చివరి అంకెల్లో వచ్చింది. హాయిగా పెన్ను మూతపెట్టబోయి ఆగిపోయాను.

లైనుకు తేడా స్వల్పమే. మరి నేల మీద ఉన్నవాటికి? తీగకూ నేలకూ మధ్య ఒక ఇనప ట్యాంకు, రబ్బరు టైర్ల మీద, నేలకు తగలకుండా. తీగల తాకిడి దానిమీద పడుతుంది, కిందికి దిగే దారి లేదు. తడినేల మీద నిలబడిన గొర్రె మూతి పెడితే, ఆ మూతే దారి. గొలుసు కడితే గొలుసే దారి. నేను కాగితం మీద పట్టుకోవలసినదాన్ని అతను కుక్క గొలుసుతో కట్టేశాడు.

శుక్రవారం వఫ్రా వెళ్లాను. చిల్లుల్లేని మేజోళ్లు వేసుకుని మరీ వెళ్లాను. తీరా అక్కడ వాటినీ విప్పి, తడిమట్టిలో నిలబడి ట్యాంకు ముట్టుకున్నాను. మోచేతి దాకా చురుక్కుమంది.

“కొట్టిందా సార్?” అన్నాడు కాపరి. ఆ గొంతులో సంతోషం తప్ప ఎత్తిపొడుపు లేదు.

అంతలో యజమాని వచ్చాడు. అనవలసిన మాట చిన్నది: ‘ఇతను మొదట్నుంచీ నిజమే చెప్పాడు, తప్పు నాది.’ దానికి కావలసిన అరబీ కూడా నా దగ్గర ఉంది. నోరు తెరిస్తే వచ్చింది వేరు. “నేను లెక్క కట్టాను. ట్యాంకుకు గొలుసు కట్టి నేలలో దిగ్గొట్టాలి.”

యజమాని నా భుజం తట్టాడు. “చూశావా, చదువంటే ఇదీ!” అన్నాడు కాపరితో. “గొర్రెలు కోలుకోనీ. నీ చుట్టీ సంగతి వచ్చే ఏడు చూద్దాం.” నాకు ఒక పెట్టె టమాటాలు ఇప్పించి, కారెక్కి వెళ్లిపోయాడు.

కాపరి నా వైపు తిరిగాడు. “నేను సెప్పిందే నిజమని సెప్పినారా సార్ బాబాకు?”

“చెప్పాను” అన్నాను.

నేను యజమానితో అన్న ప్రతి ముక్కా అతను పక్కనే నిలబడి విన్నాడు. అదే తోటలో, అదే బాబా దగ్గర, ఆరేళ్లుగా అరబీలో తిట్లు తింటూ బతుకుతున్న మనిషి.

“మీ అరబ్బీ నాకు సరిగ్గా అర్థం కాలేదేమోలే సార్” అన్నాడు. నేను మేజోళ్లు తొడుక్కుంటుంటే టమాటాల పెట్టె ఎత్తుకెళ్లి జీపులో పెట్టి, పైవి నలగకుండా గోనెపట్టా కప్పాడు.