భీమిలి డాబాకు మా మామ వేసిన చౌడు

మా కాలంలో ఆళ్ళగడ్డవాడికి సముద్రంతో పని ఉండేది కాదు. ఇప్పటి పిల్లలు రెండు రోజులు సెలవు దొరికితే చాలు, సముద్రం ఒడ్డుకు పోయి, నీళ్ళలో కాళ్ళు పెట్టి ఫొటో దిగి, అదేదో ఘనకార్యం లాగా ఇంటికొచ్చి అందరికీ చూపిస్తారు. ఆ నీళ్ళ పక్కన కాపురం చేసి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది. నేను చేశాను. పెళ్ళయిన మొదటి ఏడాదే చేశాను. అగ్గిపుల్ల అంటుకోదు. అప్పడం నోట్లో మెత్తగా అతుక్కుంటుంది. డబ్బాలో ఉప్పు పొద్దునకల్లా నీళ్ళు వదులుతుంది. ట్రంకు పెట్టెలో దాచిన పెళ్ళిబట్టలకు బూజు పడుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు సముద్రం గంభీరమనీ అనంతమనీ రాస్తారు (వాళ్ళ బట్టలు ఇంకెవరో ఆరేసి ఉంటారు). నేను ఐదో తరగతితో బడి మాని, చిల్లర కొట్టు పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. సముద్రం తడిగా ఉంటుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది అనుకుంటాను, నంద్యాలలో నేను పనిచేసే నాపబండల షావుకారుకు, కోస్తావాళ్ళ ఇళ్ళన్నిటికీ మన బండలే పరిపించాలన్న ఆలోచన పుట్టింది. భీమునిపట్నంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఒక పాత గోదాము అద్దెకు తీసుకుని, బండలకు కాపలాగా, అమ్మకానికి నన్ను పంపించాడు. ఆ ఊరికి ఒకప్పుడు ఓడలు వచ్చేవట. ఒలందా దొరలు, అంటే డచ్చివాళ్ళు, గోదాములు కట్టుకుని, బట్టలు కొని, డబ్బు చేసుకుని, చివరికి అక్కడే చచ్చిపోయి, గోపురాల్లాంటి సమాధుల కింద పడుకున్నారు. నేను వెళ్ళేనాటికి ఓడలు లేవు, దొరలు లేరు, సమాధులు మాత్రం ఉన్నాయి. దీపస్తంభం రాని ఓడల కోసం దీపం తిప్పుతూ ఉండేది. సాయంత్రమైతే కూలిన గోడల మధ్య నుంచి గాలి వచ్చి ఊరంతా మూలుగుతున్నట్టు ఉండేది. అలాంటి ఊళ్ళో బండలు కొనేదెవరు? వచ్చినవాళ్ళు కూడా బండ మీద వేలితో కొట్టి చూసి, "బాగున్నాయండి" అని పొగిడి వెళ్ళిపోయేవారు.

మేము కాపురం పెట్టింది ఒక ముసలి మామ్మగారి ఇంట్లో. ముందు భాగం ఆవిడది, వెనక రెండు గదులు మావి. పైన గచ్చు డాబా. టేకు దూలాలు, వాటి మీద ఇటుక, దాని మీద సున్నం. దొరల నాటిది. మా మంచం ఉన్న చోటే సరిగ్గా నెత్తిన కారేది. మంచం జరిపితే కారడం కూడా జరిగేది. మామ్మగారితో మొర పెట్టుకుంటే ఆవిడకు రోషం వచ్చేది.

"ఏటి బాబూ, అలగంటావు? ఇది కారడవేటి? కొంచెం చెమరస్తాది, అంతే. దొరలే ఉన్నారీ ఇంట్లో."

"ఆ దొరలంతా ఇప్పుడు యాడుండారు మామ్మా?" అన్నాను ఒకసారి. ఆవిడ లేచిపోయి తన వాటా తలుపు నా మొహాన వేసేసుకుంది.

నా భార్య మాత్రం ఏమీ అనేది కాదు. రుద్రవరం దగ్గర పల్లెలో పుట్టిన పిల్ల, నీళ్ళను ఎప్పుడూ బావి అడుగున తప్ప చూసి ఎరగదు. వచ్చిన కొత్తలో అలల చప్పుడుకు నిద్రపట్టక కూర్చునేది. కారే చోట ఇత్తడి చెంబు పెట్టేది, నిండితే పారబోసేది. పగలంతా మాట ఉండేది కాదు. సాయంత్రం మామ్మగారితో కలిసి ఒడ్డుకు పోయి కూర్చునేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే చీకటి పడేదాకా కాలక్షేపం చేసేవాళ్ళు.

ఈ చెంబు సంగతి బండల లోడు తెచ్చిన లారీ డ్రైవరు చూశాడు. వాడిది కూడా రుద్రవరం వైపే. ఇంకేముంది, మా మామ చెవికి చేరేటప్పటికి చెంబు కాస్తా గంగాళమైంది. ఒక మధ్యాహ్నం ఆయన జొన్నల మూట భుజాన పెట్టుకుని దిగబడ్డాడు. కాళ్ళయినా కడగకుండా లోపలికి వచ్చి, పైకి చూసి, మంచం చూసి, చెంబు చూసి, "పాపా, బట్టలు సర్దుకో. రేపు పొద్దున్నే బస్సెక్కల్ల," అన్నాడు.

"ఏంది మామా, వచ్చీ రాకముందే?" అన్నాను.

"నా బిడ్డను నీకిచ్చినా గాని, వానకిస్తినా అబ్బీ?"

నా భార్య పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా, "ఇల్లు కారకుంటే ఈడనే ఉంటా నాయనా," అంది. ఆ ఏడాదిలో ఆమె నోటి నుంచి వచ్చిన గట్టి మాట అదొక్కటే.

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో గాని, అది మా మామ అభిమానానికి తగిలింది. ఎందుకంటే ఆయన సేద్యగాడే అయినా, పేరు తెచ్చింది సేద్యం కాదు, చౌడు. మా వైపు మట్టిమిద్దెల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. దూలాల మీద బండలు, బండల మీద మట్టి, ఆ మట్టి మీద పైపూతగా చౌడు. చౌడంటే పైరు మొలవని తెల్లటి నేల ఉంటుంది చూడండి, ఆ మట్టి. ఏటా వానలకు ముందు బండ్ల మీద తోలి మిద్దె మీద పరుస్తారు. తడి తగిలితే జిగురులాగా అతుక్కుని ఒక్క చుక్క కిందికి దిగనివ్వదు. ఏ నేల చౌడు మంచిదో, ఎంత మందం పరవాలో మా మామ చెప్తే చుట్టుపక్కల ఊళ్ళు వినేవి. అలాంటివాడి కూతురి ఇల్లు కారుతోందంటే ఆయన తల కొట్టేసినట్టే కదా.

"ఈ ఊర్ల చౌడు యాడ దొరుకుతాది?" అన్నాడు.

"మామా, ఇది మిద్దె కాదు. గచ్చు డాబా."

"పైన ఆకాశం ఉండాదా? కింద మనుషులుండారా? అట్లయితే మిద్దెనే." తరువాత వేలు చూపించి ఒప్పందం చెప్పాడు. "చౌడు నేను ఏస్తా. వచ్చే వాన దాకా చూస్తా. కారలేదా, నా బిడ్డ ఈడనే ఉంటాది. కారిందా, నా ఎంబడి వస్తాది. మళ్ళా మాట ల్యా."

నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన చేతి చౌడు పడ్డాక కారిన మిద్దె మా తాలూకాలోనే లేదు మరి.

మరుసటి రోజు ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకుపోయాను. అక్కడి నేల చూసి మా మామ నిలబడిపోయాడు. కనుచూపు మేర తెల్లగా పొర కట్టి ఎండకు మెరిసిపోతోంది. మా వైపు ఇంత తెల్లటి చౌడు కోసం బండి కట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరగాలో! వంగి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. వలలు బాగు చేసుకుంటున్న జాలర్లు చూశారు.

"ఏటి పెద్దాయనా, మట్టి తింతన్నావు? ఆకలేస్తే చెప్పు, చేప ఇస్తాం."

"తినేది కాదప్పా, పరీక్ష చేస్తాండా."

"పరీక్ష పాసయ్యిందేటి?"

మా మామ వాళ్ళను పట్టించుకోలేదు. నా వైపు తిరిగి, "ఉప్పు కొంచెం ఎక్కువుంది," అన్నాడు.

"ఎక్కువుంటే ఏమవుతాది?"

"ఎక్కువుంటే ఎక్కువ పని చేస్తాది. ఏమవుతాది?"

నాకు ఆ తర్కం చాలా నచ్చింది. చౌడులో ఉప్పు ఉంటుంది, చౌడు నీళ్ళను ఆపుతుంది, కాబట్టి నీళ్ళను ఆపేది ఉప్పే. పొట్లాల కాగితాల్లో ఎక్కడా దీనికి విరుద్ధంగా రాసి ఉండలేదు. ఎడ్లబండి మాట్లాడి ఆ మట్టి తోలించాం. మామ్మగారు మొదట అడ్డం పడింది గాని, ఖర్చు మాదేనని తెలిశాక, "మీ రాయలసీమోళ్ళకి తెలీని పనేటుంది బాబూ," అని కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను గంపలు మోశాను. మా మామ పలుగురాళ్ళు ఏరి పారేసి, మట్టి పరిచి, నీళ్ళు చల్లి, పాట పాడకపోయినా పాట పాడుతున్నవాడిలాగా దిమ్మిసతో కొట్టాడు. నా భార్య కింద నుంచి నీళ్ళ బిందెలు అందించింది. మధ్యలో ఒకసారి పైకి వచ్చి, చుట్టూ చూసి, "ఈడి నుంచి సముద్రం అంతా కనపడుతాంది," అంది. నేను, "జరుగు, అడుగులు పడితే పగులుతాది," అన్నాను. దిగి వెళ్ళిపోయింది.

డాబా తెల్లగా, నున్నగా, పెళ్ళికి సున్నం కొట్టినట్టు తయారైంది. మా మామ మీసం సవరించుకున్నాడు. ఇక వాన రావాలి.

వాన రాలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా మూడో నాటి తెల్లవారేసరికి ఇల్లు కారడం మొదలుపెట్టింది.

ఇది నేను చెప్తే మా నంద్యాలలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆ ఉప్పుమట్టి గాలిలో ఉన్న తడినంతా పీల్చుకుని, తాగినంత తాగి, మిగిలింది మా మంచం మీదికి వదిలింది. మా మామ ఆరుబయటికి పోయి ఆకాశం చూశాడు, లోపలికి వచ్చి కప్పు చూశాడు, మళ్ళీ ఆకాశం చూశాడు.

"మంచు," అన్నాడు.

"మంచు ఇంట్లో పడుతాదా మామా?"

"సముద్రం పక్కన యాడైనా పడుతాది. వాన కాదు గదా. లెక్కలోకి రాదు."

లెక్కలోకి వచ్చే వాన ఆ వారంలోనే వచ్చింది. అది వాన కాదు, ఆకాశం తూములు ఎత్తేసినట్టు. మట్టి అంతా కరిగి చారు అయింది. గోడల వెంబడి తెల్లటి చారలు దిగాయి. జొన్నల మూట తడిసింది. పెరట్లో మామ్మగారి కరివేపచెట్టు ఆ ఉప్పునీళ్ళు తాగి రెండు రోజుల్లో ఆకులన్నీ రాల్చేసింది. చివరికి గచ్చు పెళ్ళ ఒకటి ఊడి దభీమని మంచం మీద పడింది. ఎవరూ పడుకోని సమయం కాబట్టి సరిపోయింది. మామ్మగారు వాకిట్లో నిలబడి ఒలందా దొరల పేరు చెప్పి ఏడ్చింది. నా భార్య చెంబు తీసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక గది మధ్యలో అలాగే నిలబడింది. ఎక్కడ పెట్టినా ఒకటే. ఆమెకు నవ్వు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె పగలబడి నవ్వడం మొదటిసారి చూశాను. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగిందో చూడలేదు. ఎందుకంటే అప్పటికే నేను మా మామతో వాదన పెట్టుకున్నాను.

"కారింది. పద పాపా," అన్నాడాయన. మొహంలో సిగ్గు లేదు. తలపాగా నుంచి తెల్లటి చారు కారుతోంది.

"మామా! అది నువ్వేసిన చౌడు!"

"ఎవరేస్తే ఏంది? కారిందా, లేదా?"

"నువ్వు ఎయ్యకముందు చెంబుడే కారుతాండె. ఇప్పుడు ఇల్లే కారుతాంది!"

"అదే చెప్తాండా అబ్బీ. ఇంతగా కారే ఇంట్ల నా బిడ్డను ఎట్ల ఇడిసిపెట్టేది?"

ఇది న్యాయమా? నలభై ఏళ్ళకు పైగా అడుగుతున్నాను. ఇల్లు చెడగొట్టినవాడే, చెడిపోయింది కాబట్టి గెలిచానంటాడు! ఏ పంచాయితీ అయినా ఒప్పుకుంటుందా? నేను ఆ రాత్రంతా మాటలు కూడబెట్టుకున్నాను. మరుసటి రోజు పొద్దున్నే వాళ్ళతో పాటు బస్టాండుకు పోతూ, ట్రంకు పెట్టె మోస్తూ, వాదిస్తూనే ఉన్నాను. ఒప్పందంలో చౌడు వేసినవాడి తప్పు లెక్కలోకి రాదని ఎక్కడుందని అడిగాను. మట్టి రుచి చూసిందెవరని అడిగాను. ఆయన ఒక్కొక్కదానికీ, "కారిందా, లేదా?" అనే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా భార్య కిటికీ పక్కన కూర్చుంది. మామ్మగారు కూడా వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ ఆమె చేతిలో అరటిపండ్లు పెట్టింది. బస్సు కదిలింది. నేను పక్కనే పరుగెత్తుతూ, "మామా! పరీక్ష చేసి మంచిదన్నది నువ్వా, నేనా? అది చెప్పి పో!" అని అరిచాను. అప్పుడు ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి నాతో ఏదో అంది. చిన్న మాటే. ఇంజను చప్పుడు కొంత, నా అరుపు కొంత. వినపడలేదు. బస్సు మలుపు తిరిగాక కూడా నేను మా మామకు ఇంకొక పాయింటు చెప్పాను. వినడానికి రోడ్డు మీద ఎవరూ లేరు.

ఆ తరువాత ఆ డాబా మీది ఉప్పు గోకడానికి నాకు చాలా కాలం పట్టింది. బండలు అమ్ముడుపోక షావుకారు ఆ గోదాము మూసేస్తే నంద్యాలకు వచ్చేశాను, ఆమె నా దగ్గరికి వచ్చింది, కాపురం నడిచింది. మా మామ పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా ఓడిపోయానని ఒప్పుకోలేదు. ఆయన గెలవలేదని నేనూ ఇప్పటిదాకా ఒప్పుకోలేదు. పిచ్చివాడు, ఆ కుర్రవాడు. బస్సు వెంట అంత దూరం పరుగెత్తాడు గాని, ఏ కిటికీ వైపు చూస్తూ పరుగెత్తాలో తెలియలేదు.

మొన్న వాన పడుతుంటే, ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే అడిగాను. "ఆ పొద్దు బస్సులోంచి ఏమంటివి?"

ఆమె చేతిలోని కాయ తుంచింది.

"వినపడలేదని ఇన్నేండ్లకు చెప్తాండావా?" అంది.

"వాదనలో ఉంటి గదా."

"ఊఁ. ఉంటివి," అని, తుంచిన కాయలు తీసుకుని లోపలికి పోయింది.