బడి కింది మనుషులు

నా చిన్నప్పుడు మా బడి కింద మనుషులు ఉండేవారు. కరీంనగర్ జిల్లాలో గోదావరి పక్కన బొగ్గు గనుల కాలనీల్లో పెరిగినవాళ్లకు ఈ మాట వింతగా తోచదు. గనిని మేము బాయి అనేవాళ్లం. ఆ బాయి మా క్వార్టర్ల కిందుగా, బడి కిందుగా ఎంతో దూరం సాగిపోయింది. పొద్దున్నే డ్యూటీకి దిగిన మా బాపులు, అంటే మా నాన్నలు, మేము ఎక్కాలు చదివే నేలకు చాలా లోతున, చీకట్లో పని చేస్తుండేవారు. మధ్యాహ్నం రెండు దాటాక కింద బొగ్గు పగలగొట్టడానికి మందుగుండు పేల్చేవారు. నేల ఒక్కసారి వణికేది, పలకలు గలగలలాడేవి, గోడ సున్నం మా తలల మీద రాలేది.

ఆ బడిలో మూడో తరగతి చెప్పేది మా అవ్వే, అంటే మా అమ్మే. ఇంట్లో అవ్వ, బడిలో టీచర్. మరిచిపోయి బడిలో "అవ్వా" అన్నానంటే ఆ రోజు నాకు పది గుంజీలు తప్పేవి కావు.

మధ్యాహ్నం నేల అదిరినప్పుడల్లా పిల్లలు జడుసుకుని ఏడ్చేవారు. ఒకరు మొదలుపెడితే గదంతా అందుకునేది. ఒకనాడు అవ్వ మెల్లగా, "ఏడుస్తరెందుకు? మీ బాపోళ్లు మంచిగున్నమని కింది నుంచి చెప్తున్నరు. మీరు గూడ నేల మీద కొట్టి చెప్పున్రి," అంది. మేము అరచేతులతో మూడుసార్లు కొట్టాం. గది నిశ్శబ్దమైంది. అప్పుడు కింద నుంచి టక్, టక్ అని రెండుసార్లు వినిపించింది.

అప్పటి నుంచి అది రోజూ ఉండేది. నేల అదరగానే మేము కొట్టడం, కింద నుంచి జవాబు రావడం. భయం పోయిందని చెప్పను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా వీపు మీద చల్లగా ఏదో పాకేది. కానీ అది మా సొంత భయం అయిపోయింది, ఒక్కరోజు వినకపోతే తోచేది కాదు. సాయంత్రం బాపును, "ఇయ్యాల కొట్టింది నువ్వేనా?" అని అడిగితే ఆయన అవ్వ వైపు చూసి, మీసాల్లో నవ్వుకుని, "మరి ఇంకెవలు కొడ్తరు?" అనేవాడు.

ఆ వానాకాలం ఒక రోజు రెండు దాటింది, రెండున్నరా అయింది. నేల వణకలేదు. దానికి బదులు సైరన్ మోగింది. అది షిఫ్టు మారే వేళ కాదు. బయట ఆడవాళ్లు బాయి వైపు పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు వినిపించి, కాసేపటికి అదీ ఆగిపోయింది. గదిలో ఎవరూ ఏడవలేదు. అందరి చేతులూ నేల మీదే ఉన్నాయి. మా పక్క క్వార్టర్ పిల్ల నా దగ్గరే కూర్చునేది. తనే అడిగింది. "ఇయ్యాల బాపోళ్లు పలుకుతలేరెందుకు టీచర్?"

"మీరు కొట్టలే గదా. కొట్టున్రి," అంది అవ్వ.

కొట్టాం. టక్, టక్. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ కొట్టాం, మళ్లీ జవాబు వచ్చింది. ఆ హడావిడిలో నా బలపం దొర్లి టీచర్ బల్ల కిందికి పోయింది. బల్లకు వేలాడే గుడ్డ ఎత్తి చూశాను. అవ్వ కాళ్లు పెట్టుకోవడానికి వేసుకున్న ఖాళీ చెక్కపెట్టె అక్కడ ఉంది. దాని మీద అవ్వ మడమ కొడుతోంది. టక్, టక్. పాదం గజగజ వణుకుతోంది. పైన మాత్రం ఆమె గొంతు తొణక్కుండా పదమూడో ఎక్కం చెబుతోంది.

నేను లేచేసరికి అవ్వ నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. కింద ఎవరూ పలకడం లేదని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. మా బాపు కూడా ఆ కిందే ఉన్నాడు. ఏం చేయాలో తెలియక అందరికంటే గట్టిగా నేల మీద కొట్టాను.

సాయంత్రం బాపు ఇల్లు చేరాడు. స్నానం చేశాడు గానీ అన్నం ముట్టలేదు. బాయి లోపల కప్పు కూలిందట. పక్క క్వార్టర్ పిల్ల వాళ్ల బాపు తిరిగి రాలేదు.

చాలా రోజుల తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. అప్పటిదాకా బాయి మూసే ఉంది. రెండు దాటింది. మేమెవరం నేల ముట్టుకోలేదు. తనొక్కతే మూడుసార్లు కొట్టి, తల వంచి ఎదురుచూసింది. ఎక్కాలు అప్పజెబుతూ నేను బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. అవ్వ ఎందుకు ఊరుకుందో నాకు అర్థం కాలేదు. నేనే మెల్లగా పెట్టె మీదికి కాలు చాపాను. అవ్వ పాదం వచ్చి నా పాదాన్ని అదిమిపట్టింది. నొప్పి లేదు, కానీ కదలనివ్వలేదు. ఆ క్షణం అవ్వ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

అప్పుడు నేల వణికింది. పని మళ్లీ మొదలైంది ఆ రోజే. పలకలు గలగలలాడాయి, సున్నం రాలింది. ఆ పిల్ల నేలకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత లేచి, "గిది మా బాపు కాదు," అంది.

అవ్వ కుర్చీలోంచి లేచి వెళ్లి, రాలిన సున్నంలోనే తన పక్కన కూర్చుంది. "కాదు బిడ్డా. మీ బాపు ఇగ పలుకడు," అంది. ఆ పిల్ల అప్పుడు గట్టిగా ఏడ్చింది. బడి గంట కొట్టేదాకా అవ్వ తనను ఒళ్లోంచి దింపలేదు. మేము మళ్లీ ఎన్నడూ నేల మీద కొట్టలేదు.

నేనూ పంతులమ్మనయ్యాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను. నేను కొట్టిన పెట్టెలకు లెక్క లేదు. సూది నొప్పి పెట్టదన్నాను, ఉరుమును చూసి నవ్వాను. పిల్లల్ని ఆ గడియ దాటించడానికి చెప్పిన ఆ మాటలకు నాకు సిగ్గు లేదు. కానీ ఎప్పుడైనా ఒక పిల్లో పిల్లవాడో నేలకు చెవి పెట్టి నిజం వినేశాక నా మొహంలోకి చూస్తే, నా పాదం మీద అవ్వ పాదం బరువు తెలుస్తుంది. అప్పుడు కాలు వెనక్కి తీసుకుని, పోయి వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటాను.