స్తోత్రం టైలరు, ఇనుప తలుపు

మా తమ్ముడు కష్టపడి సాధించిన మొదటి విజయం సూదిలో దారం ఎక్కించడం. నవ్వకండి, వాడు టైలరు. తాగినన్నాళ్లూ వాడి చేతులు వణుకుతుంటే మా మరదలే దారం ఎక్కించి ఇచ్చేది. ఆమె పోయాక గానీ వాడు తాగుడు మానలేదు. మానిన కొత్తలో ఒకరోజు పొద్దుటినుంచి సూదితో కుస్తీ పట్టి, చివరికి ఎక్కించి, చూపిద్దామని పక్కకు తిరిగాడు. పక్కన ఖాళీ స్టూలుంది. కాసేపు దాన్నే చూసి “స్తోత్రం” అని అరిచాడు. ఆ అరుపు ఇప్పటికీ ఆగలేదు. ఊరంతా వాణ్ని స్తోత్రం టైలరనే అంటారు.

దేనికైనా స్తోత్రమే. “చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందేమిటండీ?” అని ఎవరైనా అడిగితే, “రెండోది సరిగ్గా వచ్చిందిగా, స్తోత్రం” అంటాడు.

మందిరంలోనైతే మరీ. పాస్టరుగారు దిగులుగా “నాకు షుగరు వచ్చిందని డాక్టరు చెప్పారు” అన్నారు ఒక ఆదివారం. ఎడమవైపు మూలనుంచి “స్తోత్రం” అని వినబడింది. అందరూ అటు తిరిగి ఒకటే నవ్వు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, “పెద్దాయనా, నా జబ్బంటే మీ తమ్ముడికంత సంబరమా?” అన్నారు.

నన్నెందుకు పిలిచారంటే, నేను సంఘపెద్దను. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతే. ఆ చదువుతోనే మందిరానికి గంట తెప్పించాను, పైకప్పు వేయించాను. అన్నిటినీ మించి, కుడిపక్కన ఇనుప తలుపు పెట్టించాను. తోస్తే చాలు, కీచుమని మందిరమంతా వినబడుతుంది. ఆలస్యంగా వచ్చిందెవరో అందరికీ తెలిసిపోతుంది. అది లోపమని కొందరంటారు, సుగుణమని నేనంటాను.

తమ్ముణ్ని గట్టిగానే మందలించాను.

“ఒరేయ్, అరవడానికి సమయం, సందర్భం ఉండక్కర్లేదూ?”

“సందర్భం చూసే అరుస్తున్నా అన్నయ్యా.”

“పాస్టరుగారి షుగరు సందర్భమా?”

“ఆయన సంగతి నేను వినలేదు. స్తోత్రం.”

వీడితో వాదించడం నావల్ల కాలేదు.

ఈలోగా తాగుడు కష్టం మళ్లీ మా ఇంటికే వచ్చింది. మా అల్లుడుగారు లారీ డ్రైవరు. తాగి తాగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మా అమ్మాయి ఒక పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. కంచం ముందు కూర్చునేది, కాసేపటికి లేచిపోయేది. మళ్లీ వెళ్తావా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఒకనాడు తమ్ముడు తన కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“అల్లుడు తాగుడు మాన్పించే చోట చేరతానన్నాడు అన్నయ్యా. నేను తోడుంటేనేనట. బయల్దేరుతున్నాం.”

“నీమీద అంత గురి ఎలా కుదిరిందిరా?”

“మందిరంలో కుదిరింది.”

“ఆయన మందిరానికి ఎప్పుడొచ్చాడు? నేను చూడనేలేదే?”

“చూడలేదా? స్తోత్రం” అని బస్సెక్కేశాడు.

ఆ ఆదివారం మందిరం వెలితిగా ఉంది. పాస్టరుగారు ప్రకటనలు చదువుతుండగా ఇనుప తలుపు కీచుమంది. అందరి తలలూ అటు తిరిగాయి. గడపలో మా ఊళ్లో గోడలు కట్టే మేస్త్రీ, కళ్లు ఎర్రగా, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మందు వాసన మా వరస దాకా వచ్చింది. ఇన్ని కళ్లు చూసేసరికి అతను లోపలి కాలు మెల్లగా వెనక్కి తీసుకోబోయాడు.

నా చూపు ఎందుకో ఎడమ మూలకు పోయింది. తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉండే తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉంది. వాడు అక్కడే ఎందుకు కూర్చునేవాడో, ఎప్పుడు అరిచేవాడో అప్పుడు తెలిసింది నాకు.

అదే క్షణంలో పాస్టరుగారు “పైకప్పు కారుతోంది” అన్నారు. నేను వేయించిన పైకప్పు. అయినా లేచి నిలబడి “స్తోత్రం” అని అరిచాను. తలలన్నీ నావైపు తిరిగాయి. పాస్టరుగారు కాగితం దించి, “ఇంటిల్లిపాదికీ పట్టుకుందా?” అన్నారు. ఆ నవ్వుల్లో మేస్త్రీ లోపలికొచ్చి ఒక మూల కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తూ అమ్మాయి చెప్పింది: “తలుపు కీచుమనగానే బాబాయి అరిచేవాడు, అందరూ బాబాయిని చూసేవాళ్లు నాన్నా. నేను తలుపు వైపు చూసేదాన్ని. కొన్నిసార్లు వచ్చేది మా ఆయనే.” చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. మళ్లీ కాసేపటికి “పైకప్పు కారితే స్తోత్రమేమిటి నాన్నా” అని ఫక్కున నవ్వింది. పెట్టెతో వచ్చాక అదే మొదటి నవ్వు.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు.

“అల్లుడి చేతులు బాగా వణుకుతున్నాయి అన్నయ్యా. రోజూ సూదీ దారం ఇస్తున్నా. ఇంకా ఎక్కలేదు. స్తోత్రం.”

“ఎక్కకపోతే స్తోత్రమేమిట్రా?”

“సూది పట్టుకుంటున్నాడుగా.”

ఇనుప తలుపుకు నూనె పెట్టించాను. ఇప్పుడది చప్పుడు చెయ్యదు. వాడికిక అరవాల్సిన పనిలేదు, అయినా మానడనుకోండి. అమ్మాయి ఎడమ మూల కుర్చీని తుడిచి, దాని పక్కన ఇంకో కుర్చీ వేసింది. వాళ్లిద్దరూ తిరిగొచ్చేది వచ్చే నెల పద్నాలుగో తేదీ, ఆదివారం.