మా చేను దాటిపోయిన బాయిలర్

నాకు మరిచిపోయే గుణం లేదు. అది రావాలన్న కోరిక కూడా లేదు. మా ఊరి కమిటీ పెద్దమనిషి నాయనకు వరసకు అన్న. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని పెదనాయినా అనే పిలిచాను. మమ్మల్ని వెలివేసింది ఆ పెదనాయినే.

నాయన పోయాక చేను గట్టు తగాదా వచ్చింది. కమిటీ చెప్పిన తీర్పు అమ్మకు నచ్చలేదు. ఊరి పంచాయితీ ఊళ్లోనే తెగాలన్నది మా దగ్గరి కట్టుబాటు. అమ్మ దాన్ని లెక్కచెయ్యకుండా ఆర్మూర్ ఠాణాకు పోయింది. మునుపైతే ఇలాంటప్పుడు డప్పు చాటింపు వేసేవారు. మాకు ఊరి వాట్సాప్ గ్రూపులో పెదనాయిన గొంతు వినిపించింది.

"గా ఇంటోళ్లతోని ఎవ్వలు మాట్లాడొద్దు. పనికి పోవద్దు. పోయినోళ్లకు జుర్మానా పడ్తది."

విని ఫోను కింద పెట్టేలోపే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

అప్పటికి మా పసుపు తవ్వి చేన్లో కుప్ప పోసి ఉంది. తొందరగా ఉడకబెట్టకపోతే కుళ్లిపోతుంది. ట్రాక్టరుకు తగిలించిన బాయిలర్ చేను తర్వాత చేను తిరుగుతూ మా వంతుకు వచ్చింది. డ్రైవర్ మా వైపు చూడనైనా చూడకుండా పక్క చేనుకు పోయాడు. "జర ఆగు బిడ్డా!" అని అమ్మ గట్టు మీద నిలబడి అరిచింది. అతను ఆగలేదు. ఇద్దరం పాత ఇనుప కడాయి దించి, ఎండిన పసుపాకు మంట పెట్టి, చేతనైనంత ఉడకబెట్టాం. మిగిలింది కుళ్లింది. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

పసుపు మళ్లీ పండుతుంది. అమ్మ నోట మాట మాత్రం పోయింది. బీడీలు చుడుతూ వాడకట్టంతా నవ్వించే మనిషి. పక్కన కూర్చునేవాళ్లు లేక, చివరికి నాతో కూడా సైగలతోనే సరిపెట్టేది. మళ్లీ ఠాణాకు పోదామంటే తల అడ్డంగా ఊపింది.

బంగారం కుదువపెట్టి సొంత బాయిలర్ కొన్నాను. ఫోనులో వీడియోలు చూసి రిపేరు నేర్చుకున్నాను. వేల్పూర్, నందిపేట్ వైపు తిప్పాను గానీ మా ఊరి చేలల్లో ఎక్కడా ఆపలేదు. కొన్నాళ్లకు వెలి దానంతటదే సడలింది. నా పగ సడలలేదు.

మొన్నటి సీజన్లో ఊరి బాయిలర్ చెడిపోయింది. వేరే ఊళ్లవి ఖాళీగా లేవు. పెదనాయిన పసుపు కుప్పగా పడి ఉంది, పైన మబ్బు పట్టింది. ఆయన మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"జర బాయిలర్ తోలుకొని రా బిడ్డా. పసుపంత ఖరాబైతది."

"గ్రూపుల అడుగు పెదనాయినా. గప్పుడు మాట్లాడిన గొంతుతోనే అడుగు," అన్నాను.

నన్ను మళ్లీ గ్రూపులో చేర్పించాడు. అక్కడే నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "గా ఇంటోళ్లను బతిమాలుకుంటున్న, మా పసుపు ఉడకబెట్టమని" అన్నాడు. ఊరంతా విన్నది. నా ప్రాణానికి హాయిగా ఉండింది, దాచుకోను.

బండి తాళంచెవి అందుకుని అమ్మ వైపు చూశాను. జాలిపడి పొమ్మంటుందనుకున్నాను. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నా చేతిలోంచి ఫోను తీసుకుని, మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టింది.

"మా బాయిలర్ రాదు బావా. కుళ్లితే కుళ్లనియ్యి."

ఆ పూట అన్నం తింటున్నంతసేపూ అమ్మ ఆపకుండా మాట్లాడింది. బయట వాన చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.