మామ నేలలో మేం కట్టిన ఇల్లు

నా చిన్నప్పుడు మేం కట్టుకున్న ఇంటికి తలుపులు తిరుపతిలో పడగొట్టిన ఒక పాత సత్రం నుంచి వచ్చాయి. పెంకులు కూలిపోయిన ఒక బడివి. కిటికీలు మూడూ మూడు రకాలు. మా నాయన పాత కట్టడాలు పడగొట్టే పనికి పోయేవాడు. పారేసినవాటిలో పనికొచ్చేవి మేస్త్రీని అడిగి ఏరుకుని, ఐరాల వైపు వచ్చే లారీల్లో వేసుకొచ్చేవాడు. ఐరాల దగ్గరే మా అమ్మ పుట్టిన ఊరు. ఆ ఊరి బయట, మా మామ నేలలో, మా ఇల్లు లేచింది.

మామ అమ్మకు ఒక్కగానొక్క అన్న. తిరుపతిలో ఒంటిగది అద్దె ఇంట్లో మేం ఇరుక్కుని ఉండటం చూసి ఆయనే మమ్మల్ని పిలిచాడు. మామిడి తోపు వెనక రాళ్ళు తేలిన బీడు ఒకటి ఉండేది. వాళ్ళమ్మ, అంటే మా అవ్వ ముందరే దాన్ని చూపించి, "ఈడ కట్టుకోండి మే. ఎవురు పొమ్మంటారు మిమ్మల్ని? నీదే అనుకో" అన్నాడు. అమ్మ ఆ రోజంతా మాటిమాటికీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

రాళ్ళు ఏరి పునాది వేశాం. ఎర్రమన్నులో గడ్డి కలిపి తొక్కి గోడలు పెట్టాం. మామ కూడా పంచె ఎగగట్టి బురదలోకి దిగాడు. నా చెయ్యి పట్టుకుని, "తొక్కు కోడలా, గట్టిగా తొక్కు. నీ ఇల్లే గదా" అనేవాడు. ఆయన అలా పిలుస్తుంటే నాకు ఎక్కడలేని గర్వం. కరెంటు ఊరి చివరి స్తంభం దగ్గరే ఆగిపోయింది. మాకు రెండు లాంతర్లు ఉండేవి, అవే చాలనుకున్నాం. చూరు కింద పాత రేకు వంచి కట్టి, వాన నీళ్ళు తారు డబ్బాల్లోకి పడేలా చేశాడు నాయన. పనిలేని రోజుల్లో బావి తవ్వాడు. ఆ రాళ్ళ నేలలో నీళ్ళుంటాయని ఎవరూ అనుకోలేదు. నీళ్ళు పడ్డాయి, అవీ తియ్యటి నీళ్ళు. అమ్మ సొరపాదు పెట్టింది, కోళ్ళు పెంచింది. మేం ఇంకెక్కడికీ పోనక్కర్లేదనే నమ్మాను.

బావిలో నీళ్ళు పడ్డాక మామ రాకపోకలు మారిపోయాయి. వచ్చినా కూర్చునేవాడు కాదు. బావి చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయేవాడు. ఒక పొద్దున అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. అవ్వ చేతిలో మజ్జిగ చెంబు ఉంది.

"మా పెద్దోడికి పెండ్లి కుదిరినాది మే. వాళ్ళ కాపురం ఈడ పెట్టిద్దామనుకుంటాండా. మీరు మళ్ళా తిరపతికి పోతే బాగుంటాది" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకుని అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నీదే అన్నావు గదన్నా?"

"నీదే అనుకో అన్నాను. ఇచ్చేస్తానని ఎప్పుడన్నా సెప్పినానా?"

అమ్మ అవ్వ వైపు తిరిగింది. "అమా, నువ్వన్నా సెప్పు. నీ ముందరే గదా అన్నాడు." అవ్వ తలెత్తలేదు. "నేను వాని పంచన బతకాల్సిందాన్ని మే" అంది. ఆమెకు ఈ సంగతి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. అమ్మ ముఖం మామ మాటకు కందిపోయింది, అవ్వ మాటకు పాలిపోయింది.

మర్నాడే ఇల్లు విప్పడం మొదలుపెట్టాం. నాయన పైకెక్కి, చేతికొచ్చిన మొదటి పెంకును గోడకేసి కొట్టాడు. ముక్కలు నా కాళ్ళ దగ్గర పడ్డాయి. అమ్మ గబగబా నిచ్చెన ఎక్కి ఆయన చెయ్యి పట్టుకుంది. "పగలగొడితే తడిసేది ఎవురిల్లయ్యా? మన నెత్తి మీదికి కప్పు వద్దా?" అంది. ఆయన్ని దింపి, తనే పైనుంచి పెంకులు తీసింది. మేం కింద వరసగా పేర్చాం. తలుపులు విప్పాం, కిటికీలు విప్పాం, రేకు కూడా విప్పాం. మామ తోపు గట్టు మీద నిలబడి చూస్తూ, "మరి గోడలు?" అన్నాడు. "మన్ను నీది, నీళ్ళు నీవి. మిగిలిందంతా మేం మోసుకొచ్చింది" అంది అమ్మ. ఆయన నన్ను "కోడలా" అని పిలిచి మామిడిపండు చూపించాడు. నేను కదల్లేదు. ఆ పిలుపు నాకు అంత చేదుగా ఎప్పుడూ వినిపించలేదు.

కప్పు లేని ఆ గోడలు వానలకు కరిగిపోయాయని తర్వాత విన్నాం. అమ్మ సంతోషపడలేదు. ఆ పెంకులు తిరుపతిలో మళ్ళీ తీసుకున్న అద్దె ఇంటి వెనక ఏళ్ళ తరబడి పడి ఉండి, చివరికి చంద్రగిరి దగ్గర మేం కొనుక్కున్న చిన్న జాగాలో ఇంటి మీదికి ఎక్కాయి. మామ ఆ ఇంటికీ వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. అన్నా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. అయినవాళ్ళు దగా చేసిన సందర్భాలు ఆ తర్వాత కూడా వచ్చాయి. అలాంటప్పుడు చేతికందింది విసిరికొట్టాలనే అనిపిస్తుంది. వెంటనే కప్పు మీద అమ్మ కనిపిస్తుంది. ఏడుస్తూనే, ఒక్కో పెంకునూ రెండు చేతులతో కిందికి అందిస్తూ. కోపం తగ్గదు. చెయ్యి మాత్రం ఆగుతుంది.