మా అమ్మ లెట్రిన్, మా ఆవిడ కమోడ్

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అమ్మ ఇక నీళ్లు ముట్టేది కాదు. ఎండాకాలంలో కూడా. పెదవులు పగిలి ఉండేవి. ఇంట్లో లెట్రిన్ లేదు మరి... చీకటి పడేదాకా ఆగాలి.

అప్పుడు మా కొత్తగూడ ఇంకా నగరంలో కలవని ఒక ఊరు. ఇళ్ల వెనక పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య సీతాఫలం చెట్లు. ఆడవాళ్లు చెంబులు పట్టుకుని, గుంపుగా ఆ బండల చాటుకు వెళ్లేవారు. కొన్నాళ్లకు ఆ బండలు పగలగొట్టి కంకర చేయడం మొదలైంది. తెల్లవారకముందే రాళ్లు కొట్టేవాళ్లు దిగేవారు. ఉన్న చాటు కూడా పోయింది...

నేను చాలా పుస్తకాలు చదివాను. పల్లె మీద, వెన్నెల మీద పేజీలకు పేజీలు రాశారు. ఈ చెంబు గురించి మాత్రం ఎక్కడా కనిపించలేదు. రాసిన మగవాళ్లకు ఆ అవసరం పడలేదు కాబోలు.

అమ్మ పట్టుబట్టింది. నాన్న పెరట్లో బర్రెల కొట్టం పక్కన గొయ్యి తవ్వించి లెట్రిన్ కట్టించాడు. మా వాడకట్టులో అదే మొదటిది. మా పెదనాయన, అంటే నాన్నకు సొంత అన్న, వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఇంట్ల పాయఖానా పెట్టుకున్నరు గద. ఇగ ఈ ఇంట్ల నేను నీళ్లు ముట్ట," అన్నాడు.

అమ్మ తలుపు చాటు నుంచే జవాబిచ్చింది. "మీరు ముట్టకుంటే మానె బావా. నేను తాగుతున్న గద."

ఆయన అన్నంత పనీ చేశాడు. పెళ్లికి వచ్చినా, చావుకు వచ్చినా తాగే నీళ్ల చెంబు తనే తెచ్చుకునేవాడు. అమ్మ మాత్రం అప్పటినుంచి సాయంత్రం కుండ దగ్గర నిలబడి, గటగటా తాగేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది...

ఇప్పుడు పెరడూ లేదు, కొట్టమూ లేదు. చుట్టూ అపార్టుమెంట్లు, గల్లీ దాటితే ఫ్లైఓవర్. మేమూ ఇల్లు కొత్తగా కట్టుకున్నాం. లెట్రిన్ మాత్రం కింద కూర్చునేదే పెట్టించాం, అలవాటు కాబట్టి.

ఈ మధ్య మా ఆవిడకు మోకాళ్లు వంగడం లేదు. గోడ పట్టుకుని లేవబోయి ఒకసారి పడబోయింది. తర్వాత చూస్తే, పొద్దున నింపిపెట్టిన నీళ్ల సీసా సాయంత్రానికి నింపినట్టే ఉంది. అడిగితే "దాహం లేదు" అంది. ఆమె పెదవులు చూశాను... పగిలి ఉన్నాయి.

మర్నాడే మేస్త్రిని పిలిచాను. పాత సీటు పగలగొట్టించి కమోడ్ పెట్టించాను.

తర్వాత పెదనాయన కొడుకు వచ్చాడు. మణికొండలో ఉంటాడు, నాకంటే చిన్నవాడు.

"ఏంది అన్నా, చిన్నమ్మ కొట్లాడి తెచ్చిన పద్ధతి అది. గట్లెట్ల తీసేసినవ్? కింద కూసుంటేనే ఒంటికి మంచిది."

"మీ ఇంట్ల ఏముందిరా?"

"అది... ఫ్లాటుతోని వచ్చింది."

"మీ నాయన నీళ్లు ముట్టనన్నడు. నువ్వు చాయ్ గూడ వద్దంటవా?"

వద్దనలేదు. రెండు కప్పులు తాగాడు. వెళ్లేముందు కమోడ్ కూడా వాడుకునే వెళ్లాడు.

ఇంటికి చేరి మా చుట్టాల గ్రూపులో రాశాడు... 'ఆ రోజులే వేరు. ఆ బండలు, ఆ చల్లగాలి, ఆ ఆరోగ్యం' అని. అరవై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ చల్లగాలి కోసం పొద్దంతా గొంతెండబెట్టుకున్నది మా అమ్మ, అతను కాదు.

సాయంత్రం ఎండ పడితే ఎర్రబడే ఆ బండలు నాకూ గుర్తొస్తాయి. వాటి స్థానంలో లేచిన అద్దాల మేడలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. కానీ ఆ రోజులు తిరిగి రావాలని మాత్రం నాతో అనిపించలేరు.

మీ ఇంట్లో మొదటి లెట్రిన్ ఎవరు అడిగితే కట్టారు? ఎవరు అడ్డుపడ్డారు? కింద రాయండి... అడ్డుపడినాయన మీకు ఏ వరసో అది కూడా రాయండి, మొహమాటం వద్దు.

నేను లేవాలి. మా ఆవిడ సీసా ఖాళీ చేసి, మళ్లీ నింపమంటోంది.